బుగ్గన పెట్టుకున్న పీక

తెల్లవారుతుండగా కాసులమ్మ వంటింటి గడప మీద కూర్చుని సబ్బుపెట్టె మూత తీసింది. అడుగున అతికించిన అద్దం ముక్క మీద రెండు రెల్లు రీడులు పడుకుని ఉన్నాయి. సన్నది క్లారినెట్‌ది, వెడల్పుది శాక్సాఫోన్‌ది. సన్నదాన్ని తీసి వెలుతురుకి పట్టి చూసింది. తడి రీడును ఎలాపడితే అలా వదిలేస్తే ఎండేటప్పుడు కొస అలలు తిరుగుతుంది, మర్నాడు ఊదితే కూతలు తప్ప పాట రాదు. అద్దం మీద పడుకోబెడితే తిన్నగా ఎండుతుంది. ఆ అద్దంలో చూసుకునే ఆమె కొత్త కాపురంలో బొట్టు పెట్టుకునేది. అది పగిలాక ఆ ముక్క ఈ ఉద్యోగంలో చేరింది.

శాక్సాఫోన్ రీడు జోలికి ఆమె పోలేదు. అది మొండిది. ఎండినా తడిసినా ఊదితే పలుకుతుంది, చిన్న కోడలి మీద అలిగే పెద్ద కోడలిలా కాస్త బొంగురుగా.

తర్వాత బొడ్లోంచి ఎర్రటి పడాక్ చెక్క భరిణె తీసింది. అసలు ప్రాణం ఇందులో ఉంది. సన్నాయి పీకలు. రెండు రెల్లు రేకుల్ని కలిపి దారంతో కట్టిన చిన్న ముక్కలు, ఒక్కోటీ బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. సన్నాయి ఎంత పొడుగున్నా దాని గొంతంతా ఈ గోరంత ముక్కలోనే. అండమాన్ వానలకి తోలు చెప్పులే బూజు పడతాయి, రెల్లు రేకులు ఒక లెక్కా. భరిణెలో ఉన్నవాటిలో ఒకటి పచ్చగా బూజు పట్టింది, ఒకటి చీలింది, ఒకటి పచ్చిది, ఇంకా పదును తేలలేదు. కొత్తవి విశాఖపట్నంలో ఓడెక్కాయట, సముద్రం బాగోలేక ఓడ అక్కడే ఉంది. చివరిదాన్ని నాలుక కొసన ఆనించి మెల్లగా నొక్కింది. మంచి పీక. దానికి బూజూ లేదు, బద్ధకమూ లేదు.

ఆ ఒక్కటే ఉంది. ఈవేళ ఆమె కూతురి పెళ్ళి.

పోర్ట్‌బ్లెయర్ డైరీ ఫార్మ్ పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో అప్పటికే చుట్టాలు నిద్ర లేచారు. అప్పలరాముడు తలంటుకుని తడి పంచెతో వచ్చి భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాతం రంపపు మిల్లులో దుంగలు మోసి రిటైరైన మనిషి, భుజాలు ఇంకా తలుపంత ఉంటాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం ఆయన పోర్ట్‌బ్లెయర్ తెలుగువాళ్ళకి సన్నాయి, క్లారినెట్, శాక్సాఫోన్, మూడూను. మునుపు మూడింటికీ ముగ్గురుండేవారు. ఒకరు పోయారు, ఒకరికి పళ్ళు పోయాయి. ఆయన మిగిలాడు.

"ఇదొక్కటేనా?" అన్నాడు పీకను చూసి.

"ఇదొక్కటే."

ఆయన తల గోక్కున్నాడు. "ఒలే, ఈ రోజుకి వద్దులే. నువ్వు పెళ్ళికూతురి తల్లివి. నలుగురూ వస్తారు, నాలుగు మాటలు ఆడాల. ఆ మైకుల గోపీచంద్ ఫోన్లో సన్నాయి ఉందంట. ముహూర్తానికి స్పీకర్లో ఏసీస్తానన్నాడు."

కాసులమ్మ భరిణె మూత టప్పున వేసింది. "ఊరందరి కూతుళ్ళకీ నువ్వూది, నీ కూతురికి ఫోనూదాలా?"

"అది కాదే..."

"ఏది కాదు? గుర్తుందా, ఆ చేపల కాంట్రాక్టరు కూతురి పెళ్ళి?"

అప్పలరాముడికి గుర్తుండకేం. ఆ రోజు కాసులమ్మకి జ్వరమొచ్చి పెళ్ళికి వెళ్ళలేదు. ఆయన క్లారినెట్ ఊదుతూ పీకను స్టీలు గ్లాసులో నీళ్ళలో వేసి ఉంచాడు. నీళ్ళలో నాని నాని అది ఉబ్బిపోయింది. తాళి కట్టే వేళకి సన్నాయి గేదెలా అరిచింది. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి ముడి తప్పాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. గాలికి వదిలేస్తే ఇంకో తంటా. ఈ కొత్త ఏసీ హాళ్ళలో పంతులు నాలుగు మంత్రాలు చదివేలోగా పీక ఎండి నోరు మూసుకుంటుంది. పైగా ఒకసారి మేలుకున్న పీక మళ్ళీ ఎండితే ఆ రోజుకి ఇక పలకదు. దానికి నీళ్ళూ పనికిరావు, గాలీ పనికిరాదు. మనిషి నోరొక్కటే కావాలి.

ఆ నోరు కాసులమ్మది.

ఇది ఎలా మొదలైందో ఇద్దరికీ బాగానే గుర్తుంది. పెళ్ళైన కొత్తలో బాంబూఫ్లాట్ అనే ఊళ్ళో ఒకరింట పెళ్ళికి ఆమె ఊరికే వెంట వెళ్ళింది. ఊరేగింపు కదలబోతుంటే ఆయన సన్నాయిలోంచి పీక ఊడబీకి, క్లారినెట్ అందుకుంటూ, "పట్టుకో" అని ఆమె చేతిలో పెట్టాడు. గాలి జోరుగా ఉంది. అరచేతిలో అది ఎండిపోవడం ఆమెకి తెలుస్తోంది. కుట్టుపని చేసేవాళ్ళు దారం నోట్లో పెట్టుకున్నట్టు, ఆలోచించకుండా బుగ్గన పెట్టుకుంది. ముహూర్తానికి తీసి ఇచ్చింది. ఆ రోజు సన్నాయి పలికినట్టు అంతకుముందెప్పుడూ పలకలేదు. ఊదడం అయ్యాక ఆయన ఆమె వంక ఒకలా చూశాడు, ఆమె తల వంచుకుంది. అంతే, ఆ తర్వాత ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఆయన వాయిద్యం మార్చినప్పుడల్లా పీక ఆయన నోట్లోంచి ఆమె నోట్లోకీ, ఆమె నోట్లోంచి ఆయన నోట్లోకీ వెళ్తుండేది. ఎవరికైనా తెలిస్తే ముహూర్తపు సన్నాయికి ఎంగిలంటారని ఆమె భయం. అందుకని డోలు కొట్టే నూకన్నకి కూడా చెప్పలేదు.

దాంతో కాసులమ్మకి రెండు పేర్లొచ్చాయి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు కదా, ఈమెది అంతకంటే విచిత్రం. డైరీ ఫార్మ్‌లో ఆమె నోరు విప్పితే కొళాయి దగ్గర బిందెల వరస దానంతటదే సర్దుకునేది. పెళ్ళి పందిట్లో మాత్రం ఎవరు పలకరించినా ఒక నవ్వు, ఒక తలూపు. "పాపం, అప్పలరాముడి పెళ్ళాం నోరులేనిది" అని సగం ఊరు నమ్ముతుంది.

మొగుడి నోట్లో వాయిద్యం, పెళ్ళాం నోట్లో పీక, మరి కాపురం ఎలా సాగిందంటే, చేతులతో. రంపాల రొదలో పక్కవాడి మాట వినబడదు కాబట్టి మిల్లులో అందరూ సైగలు చేసుకునేవారు. అప్పలరాముడు ఆ భాషను ఇంటికి తెచ్చాడు. అరచెయ్యి వెనక్కి చాపితే, దుంగ ఇవ్వు. పిడికిలి మూసి తెరిస్తే, రంపం ఆపు. రెండు వేళ్ళు భుజం మీద ఆనిస్తే, తర్వాత. కూతురు లహరికి ఈ భాష తెలుగుతో పాటే వచ్చింది. పెళ్ళి పందిళ్ళలో తల్లి ఒళ్ళో కూర్చుని పిల్ల ఏదో అడిగేది. ఆ దండలెందుకు, ఆ అమ్మాయెందుకు ఏడుస్తోంది, నాకూ ఇలా చేస్తారా. కాసులమ్మ రెండు వేళ్ళు భుజం మీద ఆనించేది. తర్వాత. ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది, తర్వాత అన్నది తర్వాతే ఉండిపోయేది.

ఇప్పుడా లహరి వెనకాల నిలబడి, జుట్టు ముడేసుకుంటూ అంతా విన్నది. "అమ్మా, నాన్నే ఊదాలి. ఫోన్ వోన్ వద్దు. లేదంటే నేను పీటల మీద కూర్చోను, బోల్ దియా" అంది, అండమాన్ హిందీ కలిపి.

"నీ వియ్యపురాలికి ఏటి సెప్పుకుంటావో మరి" అన్నాడు అప్పలరాముడు భార్యతో.

అసలు చిక్కు అక్కడుంది. పెళ్ళికొడుకు మణికుమార్‌ది అండమాన్ ఉత్తర కొసనున్న డిగ్లీపూర్. బోటు ఇంజన్లు బాగుచేసే కుర్రాడు. లహరీ, అతనూ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారు, పెద్దలు సరేనన్నారు. పెద్దలంటే అటు కాళమ్మ ఒక్కతే. మొగుడు పోయాక కొబ్బరితోట చూసుకుంటూ కొడుకుని పెంచింది. నిశ్చితార్థానికని రోజంతా బస్సులో కూర్చుని వచ్చింది. ఆ రోజే గుడిలో ఉత్సవం, అప్పలరాముడు ఊదుతున్నాడు, కాసులమ్మ నోట్లో పీక ఉంది. కాళమ్మ ఎంత పలకరించినా నవ్వు తప్ప జవాబు రాలేదు, ఉత్సవం ముగిసేలోగా కాళమ్మ తిరుగు ప్రయాణం కట్టేసింది. ఇంతవరకూ వియ్యపురాలి గొంతు ఎలా ఉంటుందో కాళమ్మకి తెలియదు.

మంగళస్నానం వేళ అప్పలరాముడు సన్నాయి అందుకుని కాసేపు ఊదాడు. పీక మేలుకుంది. కూతురి నెత్తిన నూనె పెడుతూ కాసులమ్మ వింటోంది. పాట ముగియగానే ఆయన అరచెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె నూనె చేతులు తుడుచుకుని, పీక తీసుకుని, నోరు పుక్కిలించి, కొంగు అడ్డం పెట్టుకుని బుగ్గన పెట్టుకుంది. కన్యాదానమయ్యే దాకా తల్లిదండ్రులకి ఎలాగూ ఉపవాసమే. నోటికి వేరే పని లేదు.

మగపెళ్ళివారిని ఎదుర్కోవడానికి అప్పలరాముడు క్లారినెట్‌తో వెళ్ళాడు. తెల్ల జుబ్బా వేసుకుని వీధి పొడుగునా తన అల్లుడి ముందు తానే ఊదుకుంటూ నడిచొచ్చాడు. ఇలాంటిది పోర్ట్‌బ్లెయర్‌లో ఎవరూ చూడలేదు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి ఫోన్లు ఎత్తారు. నూకన్న డోలు మీద దరువు మార్చి మార్చి వేశాడు. పిల్లనిచ్చే మామ బాకా ఊదుతూ తీసుకెళ్ళే అల్లుణ్ణి నేనే అని మణికుమార్ మురిసిపోయాడు.

హాలు గుమ్మంలో కాసులమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. అప్పలరాముడు క్లారినెట్ దించగానే ఒక చేత్తో పళ్ళెం తిప్పుతూ రెండో చేత్తో తడిగుడ్డ ముక్క ఆయనకి అందించింది. ఆయన దాన్ని క్లారినెట్ మూతలో కుక్కి, మూతను రీడు మీద తొడిగాడు. భోజనాలప్పుడు మళ్ళీ అది కావాలి, అందాకా తడి ఆరకూడదు.

"బాగున్నారా వదినా?" అంది కాళమ్మ. పొట్టిగా, నల్లగా, చలాకీగా ఉంది. జరీచీర నిమ్మపండు రంగు.

కాసులమ్మ నిండుగా నవ్వి తలూపింది.

"నిన్న దారిలో వాన. బస్సు ఎక్కడికక్కడ ఆగిపోనాది. మీ అల్లుడు పంచె తడిసిపోనాది" అంది కాళమ్మ, ఈసారి కాస్త గట్టిగా.

కాసులమ్మ అయ్యో అన్నట్టు చెయ్యి బుగ్గన ఆనించింది.

కాళమ్మ తన చెల్లెలు యర్రమ్మ వైపు తిరిగింది. "సూసినావా? మొన్నా ఇదే, ఇప్పుడూ ఇదే." యర్రమ్మ మూతి విరిచింది.

హాల్లో ఏసీ మోత మోగుతోంది. మూల కుర్చీలో గోపీచంద్ తన స్పీకర్ల మధ్య కూర్చుని, అవసరమైతే ఉంటుందని ఫోన్‌లో సన్నాయి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. కాళమ్మ వచ్చి కాసులమ్మ పక్క కుర్చీలో చేరింది. వదిలే మనిషి కాదు. తన కొబ్బరిచెట్ల గురించి చెప్పింది. డిగ్లీపూర్‌లో చుట్టుపక్కల బెంగాలీలు ఎక్కువనీ, మంచివాళ్ళేననీ, అయినా తెలుగులో తనివితీరా మాట్లాడుకునే మనిషి లేదనీ చెప్పింది. "కోడలొస్తాది, కోడలితోపాటు ఒక వదిన దొరుకుతాదనుకున్నాను" అంది. చెప్పి ఎదురు చూసింది.  కాసులమ్మ దగ్గర ఆ క్షణాన చెప్పాల్సిన మాటలు గంపెడున్నాయి. ఒక్కటీ చెప్పడానికి లేదు. కాళమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది. కాళమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరే లేనిదాన్ని ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

పంతులు పెళ్ళికొడుకుని పీటల మీదికి పిలిచేసరికి కాళమ్మ లేచి నిలబడింది. 

"ఒక్క నిమిషం పంతులుగారూ. వదినా, నా కొడుకు మీకు నచ్చలేదేటి? మా డిగ్లీపూర్ నచ్చలేదేటి? ఉంటే ఇప్పుడే సెప్పీయండి. పిల్ల మా ఇంటికొచ్చాక సెప్తే దానికే కష్టం."

హాల్లో ఏసీ మోత ఒక్కటే మిగిలింది. మణికుమార్ "అమ్మా" అన్నాడు మెల్లగా. నూకన్న డోలు మీద చేతులు అలాగే ఆపేశాడు. అప్పలరాముడు భార్య వంక చూసి, పిడికిలి మూసి తెరిచాడు. రంపం ఆపు. తీసెయ్, మాట్లాడు, సన్నాయి పోతే పోనీ.

కాసులమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. తీసేస్తే అయిపోతుంది. ఒక్క మాటతో ఈ మనిషి మనసు కుదుటపడుతుంది. తీస్తే పీక చల్లగాలికి ఇట్టే ఎండుతుంది, మొగుడి నోట్లో పెడదామంటే అది కన్యాదానం మంత్రాలు చెప్పాల్సిన నోరు, లహరి మెడలో తాళి పడేటప్పుడు ఫోను కూస్తుంది. ఎంతమంది పిల్లలకి వాళ్ళిద్దరూ కలిసి మోగించారు. ఒక్క తన పిల్లకి తప్ప. ఆమె కళ్ళు గదివైపు వెళ్ళాయి. గది గుమ్మంలో లహరి, నుదుట బాసికంతో, బుగ్గచుక్కతో నిలబడి ఉంది. తల్లిని చూసి రెండు వేళ్ళు భుజం మీద ఆనించింది. తర్వాత.

"అత్తయ్యా" అంది లహరి, హాలంతా వినబడేలా. "ముహూర్తం దాకా ఆగండి, ప్లీజ్. ఆ తర్వాత మా అమ్మ మాట్లాడుతుంది. అప్పుడు మీరు ఆపమన్నా ఆపదు. నా మీద ఒట్టు."

కాసులమ్మ లేచింది. కాళమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె చెయ్యి మళ్ళీ పట్టుకుంది. ఈసారి వదల్లేదు. ఆ చేతిని తన కుడి బుగ్గ మీద పెట్టుకుని అదిమింది. బుగ్గ కింద చిన్నగా, గట్టిగా ఏదో ఉంది. కాళమ్మ వేళ్ళు దాన్ని తడిమాయి. ఆమె ముఖం మారిపోయింది.

"అయ్యో, పన్నేటి? వాచిపోనాదేటి?" అంది. "సెప్పొచ్చు కదమ్మా, పొద్దున్నించీ నేను వాగీవాగీ... ఒసే యర్రీ, లవంగముందేటి నీ సంచిలో?"

కాసులమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండిటికీ నోరు తెరవడానికి లేదు. పంతులు గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు.

కన్యాదానంలో అప్పలరాముడు అల్లుడి కాళ్ళు కడిగాడు, కాసులమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. మిల్లు పనిలో గట్టిపడిన ఆ చేతులు మణికుమార్ పాదాల మీద మెత్తగా కదిలాయి. లహరి చేతిని అతని చేతిలో పెట్టే వేళకి కాసులమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా దిగాయి. వెక్కితే దవడ బిగుస్తుంది, దవడ బిగిస్తే పీక చిట్లుతుంది. ఎందరో తల్లులు కూతుళ్ళని పట్టుకుని బావురుమనడం ఆమె వాద్యాల వెనకనుంచి చూసింది. అలా ఏడ్చే అదృష్టం తనకి లేదు. ఆమె దవడ కదపకుండా, కళ్ళతోనే ఏడ్చింది.

వధూవరుల మధ్య తెర లేచింది. జీలకర్ర, బెల్లం తమలపాకుల్లో పెట్టి చేతులకిచ్చారు. అప్పలరాముడు పీట మీంచి లేచి, పట్టుపంచె ఎగ్గట్టి, వేలికి దర్భ ఉంగరంతోనే వెళ్ళి సన్నాయి అందుకున్నాడు. నూకన్న పక్కన నిలబడి, చూపంతా కూతురి మీద పెట్టి, అరచెయ్యి వెనక్కి చాపాడు.

కాసులమ్మ ఆ చేతిలో పీక పెట్టింది.

ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. అంత తీరిక లేదు, ఇక అక్కర్లేదనీ అనిపించింది. ఆయన దాన్ని ఇత్తడి గొట్టానికి గుచ్చి, పెదాల మధ్య సర్దుకుని, ఊపిరి పీల్చాడు. పంతులు చెయ్యెత్తాడు. నూకన్న డోలు మీద రెండు చేతులూ ఒక్కసారి పడ్డాయి, సన్నాయి ఎత్తుకుంది.

మొదటి స్వరమే తేటగా, నిండుగా లేచి పైకప్పుకి తగిలింది. ఎక్కడా జీర లేదు, గరగర లేదు. దర్భ ఉంగరమున్న వేలు రంధ్రం మీద కాస్త తడబడబోయి సర్దుకుంది, ఆ తడబాటు కూడా గమకంలో కలిసిపోయింది. ఏసీ మోత ఎటు పోయిందో పోయింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. గోపీచంద్ స్పీకర్ల తీగ ఊడబీకి, ఆ ఫోనుతోనే వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. అప్పలరాముడి బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు లేచాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఊపిరి తెగలేదు. ఊరి కూతుళ్ళందరికీ ఊదిందంతా ఈ ఒక్కదానికి చేసిన సాధన అన్నట్టు ఊదాడు. తెర దిగింది. లహరి మణికుమార్‌ని చూడాల్సిన వేళ అది. ఆమె తండ్రిని చూసింది, ఆ తర్వాత తల్లిని చూసింది, అప్పుడు అతన్ని చూసి నవ్వింది. తాళి పడేదాకా సన్నాయి ఆగలేదు, మూడో ముడికి నూకన్న డోలు పగులుతుందేమో అన్నట్టు కొట్టాడు. కాసులమ్మ జీవితంలో అంత గొప్ప క్షణం ఇంకోటి లేదు, ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది.

కాళమ్మ అంతా చూసింది. బుగ్గలోంచి తీసిన పీక సన్నాయిలోకి వెళ్ళడం చూసింది.

"అది పన్ను కాదేటి?" అంది.

యర్రమ్మ అక్క చెవిలో గుసగుసలాడింది. "అక్కా, ఎంగిలి గదే. ముహూర్తానికి ఎంగిలి పీకేటి?"

ఆ గుసగుస కాసులమ్మకీ వినబడింది. ఇన్నేళ్ళూ భయపడిన మాట అదే. కాళమ్మ సన్నాయి వంక చూసింది.

"ఎంగిలి కాని సన్నాయి ఏ ఊళ్ళో ఉందే?" అంది చెల్లెలితో. "నోటితో ఊదక చెవితో ఊదుతారేటి? మొగుడూ పెళ్ళాల ఎంగిలితో మోగినాది. నా కొడుకు పెళ్ళికి ఇంతకంటే మంచి శకునం ఏటుంటాది?" తాంబూలం పళ్ళెంలోంచి లడ్డూ తీసి సగం విరిచి కాసులమ్మ నోట్లో కుక్కింది. "ఇప్పుడు మాటాడండి వదినా. పొద్దున్నించీ నాకు అప్పున్నారు."

కాసులమ్మ లడ్డూ మింగింది. నోరు ఖాళీ అయింది. పెళ్ళి పందిట్లో ఆమె నోరు అలా ఖాళీగా ఉండి ఎన్నేళ్ళైందో.

"మీ కొడుకు బంగారం వదినా" అంది. గొంతు గణగణలాడింది, వెనక వరసల్లో తలలు తిరిగాయి. "ముందు ఆ మాట. రెండోది, మీరు సెప్పిందాన్ని బట్టి నాకు మీ డిగ్లీపూర్ నచ్చినాది, ఆ బస్సు నచ్చలేదు. మూడోది ఇప్పుడే సెప్పేస్తున్నాను, తర్వాత నన్నడగొద్దు. నా నోటికి పీకుంది కాబట్టి ఆగినాది. మీ కోడలి నోటికి పీక లేదు. దాన్నాపడం మీ తరం కాదు."

కాళమ్మ పకపకా నవ్వింది. యర్రమ్మ కూడా నవ్వింది. "అయ్యబాబోయ్, ఈవిడ మాటాడతాదా!" అన్నాడు నూకన్న, డోలు కర్ర చేతిలో పట్టుకుని, నోరు తెరిచి. ఇన్నేళ్ళుగా పక్కనే కూర్చున్నవాడు.

భోజనాల వేళ అప్పలరాముడు కాసేపు క్లారినెట్, కాసేపు శాక్సాఫోన్ ఊదాడు. ఒకటి మూతలో తడిగుడ్డతో ఉంది, ఒకటి మొండిది, రెండిటికీ ఆమె అవసరం పడలేదు. ముహూర్తం దాటింది, ఇక ఎలా పలికినా ఫరవాలేదని పీకను తడిగుడ్డలో చుట్టి భరిణెలో పెట్టుకుని, కాసులమ్మ బంతి బంతికీ తిరిగి, మారు వడ్డించి, పేరు పేరునా పలకరించి, మగపెళ్ళివారి మీద ఛలోక్తులు విసిరి, వాళ్ళు విసిరినవి పట్టుకుని తిరిగి విసిరింది. "ఎవరీవిడ?" అని ఎవరో అడిగితే, "మా వియ్యపురాలు" అని కాళమ్మ గర్వంగా చెప్పుకుంది.

సాయంత్రం డిగ్లీపూర్ ఓడ. జెట్టీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను టికెట్ లేనివాళ్ళని ఆపుతున్నాడు. అప్పలరాముడి చేతిలో వాయిద్యం చూసి, "అరె, మా దీదీ షాదీలో ఊదింది మీరే కదా" అని పక్కకి తప్పుకున్నాడు. వాన వెలిసి ఎండ పసుపురంగులో పడుతోంది. నీళ్ళ మీంచి గాలి గట్టిగా వీస్తోంది. అప్పలరాముడు క్లారినెట్ మీద అప్పగింతల పాట మొదలుపెట్టాడు. ఓడ కదిలేటప్పుడు సన్నాయి ఎత్తుకోవాలని ఆయన ఆశ. కాసులమ్మకి చెప్పక్కర్లేదు. నోరు పుక్కిలించుకుని, భరిణెలోంచి పీక తీసి బుగ్గన పెట్టుకుంది.

సామాను ఎక్కింది. కాళమ్మ ఎక్కింది, కిటికీ దగ్గర సీటు పట్టుకోవాలని తొందర. మణికుమార్ ఓడెక్కే నిచ్చెన దగ్గర ఆగాడు. లహరి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. కాసులమ్మ కూతురి జడ సర్ది, చెంప నిమిరి, రెండు వేళ్ళు తన భుజం మీదికి తీసుకుపోయింది. ఆ చేతిని లహరి మధ్యలోనే పట్టుకుంది.

"లేదమ్మా. తర్వాత లేదు" అంది. కళ్ళు నిండాయి. "చిన్నప్పటినించీ తర్వాత, తర్వాత. అవన్నీ ఇప్పుడు చెప్పు." పిడికిలి మూసి, తల్లి ముఖం ముందు తెరిచింది. రంపం ఆపు.

కాసులమ్మ ఒక్కసారి మొగుడి వీపు వంక చూసింది. పీక తీసి, భరిణె మూత మీద పెట్టి, భరిణెను ఓడ తాళ్ళు కట్టే ఇనుప గుంజ మీద ఉంచింది. అప్పుడు బావురుమంది. కూతుర్ని రెండు చేతులా పట్టుకుని, ఊరి తల్లులందరూ ఏడ్చినట్టు, దవడలు కదిలేలా, గొంతు పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. దండలెందుకో చెప్పింది. ఆ అమ్మాయెందుకు ఏడ్చిందో చెప్పింది. నువ్వు పుట్టిన రోజున మీ నాన్న ఆస్పత్రి బయట సన్నాయి ఊదబోతే తరిమేశారని చెప్పింది. నీకేదీ చెప్పలేకపోయినా నిన్నెప్పుడూ ఒళ్ళోంచి దించలేదని చెప్పింది. నువ్వంటే నాకు ప్రాణమని, ఆ మాట ఇన్నాళ్ళూ నోట్లోనే ఉందని చెప్పింది. లహరి అన్నిటికీ తలూపింది.

ఓడ కూత వేసింది. లహరి నిచ్చెన ఎక్కి పై అంతస్తు కటకటాల దగ్గరికి పరిగెత్తింది.

అప్పలరాముడు క్లారినెట్ దించి, సన్నాయి చంకన పెట్టుకుని, చూపు ఓడ మీంచి తిప్పకుండా అరచెయ్యి వెనక్కి చాపాడు. చేతిలో ఏమీ పడలేదు. వేళ్ళు ఒకసారి కదిపాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. కాసులమ్మ జెట్టీ అంచున నిలబడి, కొంగు నడుముకి దోపి, చేతులు నోటికి రెండు పక్కలా పెట్టుకుని నీళ్ళ మీదికి కేకలేస్తోంది. ఫోన్ కలవకపోతే కొబ్బరితోట గట్టు మీదికెక్కి చెయ్యమంటోంది. మణీ, దానికి వానలో తడిస్తే జలుబు చేస్తాదంటోంది. వదినా, దీపావళికి మీరే రావాలంటోంది. పై అంతస్తు నుంచి కాళమ్మ కూడా ఏదో అరుస్తోంది. ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో తేలడం లేదు. ఓడలో జనమంతా ఒక పక్కకి చేరి నవ్వుతున్నారు, చేతులు ఊపుతున్నారు.

అప్పలరాముడు చెయ్యి ముందుకు తీసుకుని, మళ్ళీ క్లారినెట్ ఎత్తాడు. అప్పగింతల పాట వదిలేసి, పొద్దున అల్లుడి ముందు ఊదిన ఎదురుకోలు పాటే ఊదాడు, అంతకంటే హుషారుగా. భార్య గొంతు ఆ పాట పైనుంచి వెళ్తోంది, ఆయన దాన్ని దాటాలని చూడలేదు.

ఓడ రాస్ దీవి వైపు తిరిగింది. కాసులమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆమె వెనక ఇనుప గుంజ మీద, ఎర్రటి భరిణె మూత మీద, పీక సముద్రపు గాలికి పూర్తిగా ఎండి, అంచు అలలు తిరిగి ఉంది.